టైరు కింది నిమ్మకాయ

అబద్ధం చెబుతున్నాడని తెలిసిన మనిషి నోట ఒక్క నిజం వస్తే, దాన్ని నేను దేనితో గుర్తుపట్టాలి?

ఈ ప్రశ్న వేసుకుని జవాబు కోసం తడుముకుంటూ ఉండగా కొండల్ మళ్ళీ మంచినీళ్లు అడిగాడు. పోలీసు వ్యానులో, నా ఎదుటి బల్ల మీద, సంకెళ్లతో కూర్చుని ఉన్నాడు. గోడ దూకబోయి పడినందువల్ల మోకాలు చీరుకుపోయింది. నీళ్లు ఇప్పించాను. అవి తాగి, అంతవరకూ చెప్పిన కథనే మొదటి నుంచి అందుకున్నాడు. మైలార్‌దేవ్‌పల్లిలో అడ్డా మీద నిలబడ్డాడట. ఎవరో వచ్చి కిరాయి ఉందన్నారట. బండి నడిపాడట. అంతకు మించి ఏమీ తెలియదట.

నగరంలోని సచివాలయానికి మరమ్మతులు జరుగుతున్నందున కొన్ని నెలలుగా ప్రభుత్వం విమానాశ్రయానికి వెళ్లే దారిలో ఒక మూడంతస్తుల భవనంలో నడుస్తోంది. అందరూ దాన్ని శిబిర సచివాలయం అంటారు. ఆ ఉదయం ఉద్యోగుల భోజనాలు తెచ్చే డీసీఎం వ్యాను రోజూ లాగే గేటు దాటింది. అన్నం గుండిగల వెనుక నుంచి తుపాకులతో ఐదుగురు దిగారు. ఇద్దరు కాపలాదారులు అక్కడే చనిపోయారు. పై అంతస్తులో ఇద్దరు మంత్రులు, ముప్పై మందికి పైగా ఉద్యోగులు బందీలుగా ఉన్నారు. పట్టుకున్నవాళ్లు తమకు ఏ పేరూ చెప్పుకోలేదు. జైలులో ఉన్న తమ మనుషులను విడిచిపెట్టాలని, తమకు ఒక బస్సు, ఒక విమానం సిద్ధం చేయాలని ఫోనులో చెప్పారు. సాయంత్రం నాలుగు గంటలకు మళ్ళీ మాట్లాడతామన్నారు.

ఆ డీసీఎం నడిపినవాడు కొండల్.

"గేటు కాడి కానిస్టేబుల్ నిన్ను పేరు పెట్టి పిలుస్తడు. రోజూ వాని చేతిల అరటిపండు పెట్టి పోతవట. ఇగ అడ్డా ముచ్చట బంద్ చెయ్," అన్నాను.

కొండల్ తల దించుకున్నాడు. నెల నుంచీ ఆ వంటవాళ్ల దగ్గర జీతానికి ఉన్నానని ఒప్పుకున్నాడు. వెనుక మనుషులు ఉన్న సంగతి మాత్రం తెలియదన్నాడు. తెలియకపోతే గోడ ఎందుకు దూకావని అడిగాను. తుపాకి చప్పుడు వింటే ఎవరైనా దూకుతారన్నాడు. అది నిజమే కావచ్చు. వంట ఎక్కడ చేసేవారని అడిగితే, శంషాబాద్ అవతల కుర్మయ్య అనే రైతు మూసేసిన కోళ్ల ఫారం పేరు చెప్పాడు. అది కూడా నిజమే. ప్రత్యేక దళం వాళ్లు అప్పటికే ఆ షెడ్డును వెతికి వచ్చారు. ఏమీ లేదని రాశారు కూడా.

అంతలో వ్యాను తలుపు తెరుచుకుంది. నవీన్‌కుమార్ తొంగి చూశాడు. ప్రత్యేక దళానికి అధిపతి. గోదావరి జిల్లా మనిషి. ప్రతి వాక్యాన్నీ గౌరవంతో మొదలుపెట్టి అవమానంతో ముగించడం అతనికి అలవాటు.

"రాఘవేందర్ గారూ, తమరు ఇంకా ఇక్కడే ఉన్నారాండీ? నిఘా విభాగం వారి వేదాంత చర్చ పూర్తయితే ఈ వ్యాను మాకు ఇప్పించండి. ఎమ్మెల్యే గారు నీడ అడుగుతున్నారు."

నిందితుణ్ణి షెడ్డుకు తీసుకువెళ్తున్నానని చెప్పాను. ఆ అవసరం లేదన్నాడు. తన మనుషులు చూసి వచ్చిన చోటును మళ్ళీ చూడడమంటే తనను అనుమానించడమేనన్నాడు. పైగా పని దాదాపు పూర్తయిందట. బస్సు కూడా దొరికింది. వెతకనే లేదు, సర్వీసు రోడ్డు మీద ఖాళీగా వస్తున్న ఒక తెల్ల ట్రావెల్స్ బస్సును బారికేడ్ దగ్గర ఆపారు. డ్రైవరు ఎదురు చెప్పకుండా తాళంచెవి ఇచ్చి, టీ తాగి వస్తానని వెళ్లాడు. బస్సు ఎక్కే వరుసలో బందీలను విడదీసి, ఐదుగురినీ ఒకేసారి కాల్చాలన్నది అతని పథకం.

"వాళ్ల షరతు ఒక్కటేనండి. నాలుగింటి దాకా బస్సు మన అధికారుల టెంటు పక్కనే, వాళ్ల కిటికీకి కనిపించేలా ఉండాలి. అంతే. తెలివైనవాళ్లు కాదు."

నాకు విసుగు పుట్టించేది మూర్ఖత్వం కాదు. అది ఎక్కడైనా ఉంటుంది. పని జరిగినట్టు కనిపించగానే మనసుకు కలిగే తృప్తి ఉంది చూశారూ, అది. ఆ తృప్తి ముందు ప్రశ్నలన్నీ అమర్యాదగా కనిపిస్తాయి. కొండల్‌ను జీపులోకి మార్చి, సబ్ ఇన్‌స్పెక్టర్ పూర్ణిమను వెంట తీసుకుని బయలుదేరాను.

షెడ్డు దగ్గర కుర్మయ్య ఉన్నాడు. భుజం మీద మేకను కట్టే తాడు. ప్రత్యేక దళం వాళ్లు అతణ్ణి కదలవద్దని చెప్పి వెళ్లిపోయారు. ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు. అందువల్ల ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు. నీడకు రమ్మంటే వచ్చాడు. వాళ్లకు షెడ్డు ఎందుకిచ్చావని అడిగాను.

"వంట పని అన్నరు సారు. మా అఖిల పనిచేసే ఆఫీసుకే అన్నం పోతదంటె సంబురపడ్డ. నా బిడ్డ మా షెడ్డుల వండిన బువ్వ తింటదని ఊరంత చెప్పుకున్న." తాడును భుజం మీంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. "ఇప్పుడు గా బిడ్డ లోపలున్నది."

అఖిల కంప్యూటర్ ఆపరేటర్. పొద్దున ఒక్కసారి ఫోను చేసి, బాపూ నేను మంచిగున్న అని మాత్రం చెప్పిందట. ఆ తరువాత ఫోను మోగలేదు. లోపలికి వెళ్లాను.

కోళ్ల వాసన ఇంకా పోలేదు. ఒక మూల ఊక కుప్ప, మరో మూల గ్యాసు పొయ్యిలు, కడిగి బోర్లించిన గుండిగలు. గచ్చు మీద పసుపుపచ్చని స్పాంజి పొడి, నీలం రెక్సిన్ పీలికలు చెదిరి ఉన్నాయి. పాత సోఫా ఏదో చించి ఉంటారని ప్రత్యేక దళం నివేదికలో ఉంది. సోఫా మాత్రం ఎక్కడా లేదు. పీలికలు కనిపించి, చిరిగిన సోఫా కనిపించకపోవడం వాళ్లకు వింతగా తోచలేదు.

బయట, షెడ్డు ముందరి గచ్చు మీద కొబ్బరికాయ కొట్టిన తడి ఉంది. కుంకుమ ఉంది. నాలుగు మూలలుగా నాలుగు నిమ్మకాయలు చిదికి ఉన్నాయి. నేను వంగి ఒకదాన్ని వేలితో తాకాను. గుజ్జు ఇంకా జిగటగా ఉంది, ఆ ఉదయానిదే.

"అమావాస్య కదా సార్, బండికి తొక్కించి ఉంటారు," అంది పూర్ణిమ.

అవును, అమావాస్య. నా కారుకు కూడా మా అమ్మ ఈ ఉదయం ఆ పని చేయించింది. ఇలాంటివాటిని నేను నమ్మను. కానీ తాళంచెవి చేతిలో పట్టుకుని, అమ్మ నాలుగో నిమ్మకాయ పెట్టేదాకా నిలబడతాను. నమ్మకం ఒకటి, నడక ఒకటి. మనిషిని పట్టి ఇచ్చేది ఎప్పుడూ నడకే.

షెడ్డు చుట్టూ తిరిగాను. పక్కన రేకుల పందిరి ఉంది. దాని కింద ప్రత్యేక దళం జీపు నిలిపిన గుర్తులు. ఆ గుర్తుల మధ్య మళ్ళీ కుంకుమ. మళ్ళీ నిమ్మకాయలు. ఒకదాని మీదుగా జీపు పోయి తొక్క పొడవునా సాగింది. మిగిలిన మూడూ ఉన్నచోటే ఉన్నాయి. ఇంతమంది పోలీసులు వచ్చారు, చూశారు, వాటి పక్కనే నిలబడి ఫోన్లు మాట్లాడారు, పోయారు.

కుర్మయ్య దగ్గర తాడు అడిగి తీసుకున్నాను. షెడ్డు ముందు, డీసీఎం ముందు టైరు కింది నిమ్మకాయ నుంచి వెనుక టైరు కింది దానివరకూ కొలిచి, తాడుకు ముడి వేశాను. అదే తాడును పందిరి కింద పరిచాం. ముడి దాటాక, వెనుక నిమ్మకాయ దాకా ఇంకొక మనిషి కాళ్లు చాపి పడుకునేంత జాగా మిగిలింది.

"ఇక్కడ నిలిచింది డీసీఎం కంటే పొడవైన బండి సార్," అంది పూర్ణిమ. నేను కొండల్‌ను జీపులోంచి దింపించి పందిరి కిందికి తెచ్చాను. నిమ్మకాయలను చూడగానే అతని ముఖం మారింది.

"ఎవరు పెట్టిండ్రు ఇవి?"

"నేనే సారు. ఇయ్యాల అమాస గద. అమాసనాడు తొక్కియ్యకుంట బండెట్ల తీస్తం?"

"వాళ్లు పెట్టనిచ్చిండ్రా?"

"తిట్టిండ్రు. పిచ్చోడా, జల్ది తియ్ అన్నరు. నేను తియ్య అన్న. బండి నడిపేది నేను గద."

"డీసీఎం నడిపేది నువ్వు. మరి ఈ రెండో బండి?"

అతడు వెనక్కి తిరిగి జీపు వైపు నడవబోయాడు. అప్పుడు నా మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. అబద్ధాలాడే మనిషి నిజాన్ని దాచుకోగలడు గానీ, తప్పుగా తోచని దాన్ని దాచాలని అతనికి తట్టదు. నిమ్మకాయ పెట్టడం కొండల్ దృష్టిలో నేరం కాదు. అందుకే అది అక్కడ మిగిలింది.

కొండల్ మోకాలి కట్టును విప్పి మళ్ళీ కడుతూ పూర్ణిమ నెమ్మదిగా అడిగింది. ఆమెతో చెప్పాడు. తెల్ల బస్సు. పది రోజుల నుంచి పందిరి కింద పరదా కప్పి ఉంది. సీట్ల పని చేస్తున్నామని రాత్రిళ్లు తలుపులు వేసుకునేవారు. బస్సు డ్రైవరు ఎక్కడివాడో తెలియదు, తెలుగు రాదు. అమావాస్య అంటే ఏమిటో కూడా తెలియదు. అలాంటివాణ్ణి ఉత్తగా రోడ్డెక్కించడానికి కొండల్‌కు మనసొప్పలేదు.

"పెద్ద బండి సారు. మంది ఎక్కుతరు. ఏమన్న అయితె పాపం గద," అన్నాడు.

అతని అమాయకత్వాన్ని చూసి నాకు కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో చెప్పలేను. సాయంత్రం అతనికి ఇంకేం పని చెప్పారని అడిగాను. చీకటి పడ్డాక జల్‌పల్లి దగ్గర ఒక కారు పట్టుకుని నిలబడాలట. ఐదుగురూ అక్కడికి వస్తారట.

విమానం అడిగినవాళ్లు కారు ఎందుకు పెట్టుకున్నారు? బస్సు అడిగినవాళ్లు బస్సు తామే ఎందుకు పంపుకున్నారు?

నవీన్‌కుమార్‌కు ఫోను చేశాను. బస్సు దగ్గరికి ఎవరినీ రానివ్వవద్దని, అలాగని ఎవరినీ పరుగెత్తించవద్దని చెప్పాను. కారణం అడిగాడు. చెప్పాను. రెండు బండ్ల కింది నిమ్మకాయల సంగతి కూడా.

"నిమ్మకాయలాండీ?" అన్నాడు. పక్కన ఎవరో నవ్వడం వినిపించింది. "ఇక్కడ మంత్రి గారి భార్య ఉన్నారు, బందీల కుటుంబాలున్నాయి, టీవీల వాళ్లున్నారు. తమరు నాకు నిమ్మకాయల లెక్క చెబుతున్నారు. వచ్చేటప్పుడు మిరపకాయలు కూడా పట్టుకురండి, నా జీపుకు కడదాం."

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పూర్ణిమ కంట్రోల్ రూమ్‌కు చేసింది. వాళ్లు ఆ విషయం నవీన్‌కుమార్ గారినే అడగమన్నారు.

శిబిర సచివాలయం దగ్గరికి తిరిగి వచ్చేసరికి నాలుగు కావడానికి ఎంతో సమయం లేదు. కుర్మయ్య కూడా మా జీపులోనే వచ్చి, టెంటు పక్కన నిలబడిన బందీల బంధువులలో కలిసిపోయాడు. వాళ్లందరికీ ఎండ తగలకుండా నీడ ఇస్తున్నది ఆ తెల్ల బస్సే. పిల్లలు దాని మెట్ల మీద కూర్చున్నారు. ఒక ముసలావిడ వెనుక టైరుకు ఆనుకుని కునుకు తీస్తోంది.

నవీన్‌కుమార్‌ను పక్కకు పిలిచాను. రానన్నాడు. అందరి ముందే అడిగాను.

"ఈ బస్సును తనిఖీ చేశారా?"

"మన బస్సును మనమే తనిఖీ చేయడమేమిటండీ?"

మన. భోజనాల బండిని గేటు దాటించింది ఆ మాటే. మనది అనుకున్న వస్తువును చూడడం అంతటితో ఆపేస్తాం; ఆ తరువాత కళ్లు తెరిచి ఉన్నా లాభం లేదు. ఇదంతా అతనికి చెప్పే ఓపిక నాకు లేదు. కిటికీలోంచి చూసేవాళ్లకు ఇద్దరు అధికారులు కబుర్లాడుకుంటున్నట్టు కనిపించాలి కాబట్టి, అతని భుజం మీద చేయి వేశాను. చేయి విదిలించబోయాడు. వదలలేదు. ముందు టైరు దగ్గరికి నడిపించి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను. టైరు గాడిలో పసుపుపచ్చని తొక్క ఇరుక్కుని ఉంది. దాని పక్కన గింజ. గింజకు కుంకుమ.

"ఏ బస్సుకైనా ఉంటుంది ఇవాళ," అన్నాడు. కానీ గొంతు తగ్గింది.

లోపలికి ఎక్కాం. కొత్త నీలం రెక్సిన్ సీట్లు. మొదటి సీటు మీద అరచేయి పెట్టి నొక్కాను. దిగలేదు. స్పాంజి ఉండాల్సిన చోట ఇటుకలాంటిదేదో ఉంది. రెండో సీటూ అంతే. నవీన్‌కుమార్ మూడోదాన్ని నొక్కాడు. నాలుగోదాన్ని నొక్కాడు. అతని చేయి దాని మీదే నిలిచిపోయింది.

"అన్నీనా?" అన్నాడు చాలా చిన్నగా.

"అన్నీ."

వాళ్లకు బస్సు ఎక్కే ఉద్దేశమే లేదు. నాలుగు గంటలకు ఫోను వస్తుంది. అధికారులందరూ ఆ ఫోను కోసం టెంటులో చేరతారు. వాళ్లు పైనుంచి మీట నొక్కగానే, సీట్లలో కుక్కిన పేలుడు మందుతో ఈ బస్సు పేలుతుంది. ఆజ్ఞ ఇచ్చేవాళ్లు, అందుకునేవాళ్లు ఎవరూ మిగలరు. ఆ పొగలో ఐదుగురూ వెనుక గోడ దూకి జల్‌పల్లి దారి పడతారు. బందీలను ప్రాణాలతో వదులుతారని అనుకోవడానికి నాకు ఆధారం ఏదీ దొరకలేదు.

జనాన్ని ఖాళీ చేయిస్తానంటూ నవీన్‌కుమార్ మెట్ల వైపు కదిలాడు. పట్టుకుని ఆపాను. జనం పరుగెత్తడం కిటికీలోంచి కనిపిస్తే నాలుగింటి దాకా ఆగరు. బాంబు నిపుణులను పిలుద్దామన్నాడు. ఆ దుస్తుల్లో ఒక్క మనిషి కనిపించినా అంతే.

"అయితే ఏం చేద్దామండీ?" అన్నాడు. ఆ వాక్యం చివర అవమానం లేదు.

భవనం పై అంతస్తు కిటికీ వైపు చూశాను. వాళ్లకు చావాలని లేదు. కారు సిద్ధం చేసుకున్నవాళ్లు చావడానికి రాలేదు. ఇది టెంటు పక్కన ఉన్నంతసేపూ బాంబు. వాళ్ల గుమ్మం ముందు నిలబడితే, వాళ్లు తాకడానికి కూడా భయపడే వస్తువు. దీన్ని దూరంగా తీసుకుపోతే కనిపెడతారు. దగ్గరికి తీసుకుపోతే, పోలీసులు తొందరపడి ముందే పంపిన బస్సు అనుకుంటారు. మొదట గందరగోళపడి, తరువాత కోప్పడతారు. ఆ గందరగోళంలో దీన్ని భవనం గోడకు ఆనించి నిలపాలి. ఆ పైన వాళ్లు దూకి పారిపోయే వెనుక గోడ దగ్గర నవీన్‌కుమార్ దళం కాచుకుని ఉంటే చాలు. మధ్యదారిలో పేలితే, పోయేది ఒక్క మనిషి.

ఇందులో పొరపాటు ఉండవచ్చు. ఐదుగురిలో ఒక్కడు చావుకు తెగించినవాడైతే, లోపల అఖిలతో సహా అందరి ప్రాణాలకూ నేను జవాబుదారీ. ఆలోచనను ఎంత సాగదీసినా ఈ ఒక్క సందేహం మిగిలింది. సందేహం తీరేదాకా ఆగడానికి గడియారం ఒప్పుకోలేదు.

"తాళంచెవి ఇవ్వండి," అన్నాను. "మీరు వెనుక గోడకు పోండి. నడుస్తూ పోండి."

అతడు జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. కిందికి దిగాడు. నడుస్తూనే వెళ్లాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్లు పోలీసు బస్సు నడిపాను. చేతులకు ఆ సంగతి గుర్తుంది. మెట్ల మీది పిల్లలను పూర్ణిమ బిస్కెట్లు ఇస్తానంటూ పిలుచుకుపోయింది. ముసలావిడను కుర్మయ్య లేపి, చేయి పట్టుకుని పక్కకు జరిపాడు. తరువాత డ్రైవరు కిటికీ కిందికి వచ్చి తలెత్తి చూశాడు.

"బస్సు ఎటు పోతది సారు?"

"మీ బిడ్డ ఉన్న కాడికి."

అతని ముఖంలో ఎంత వెలుగు వచ్చిందంటే, నేను చూపు తిప్పుకోవలసి వచ్చింది.

"జర పైలం సారు," అన్నాడు.

జాగ్రత్తగానే పోతానని తలూపాను. ఇంజన్ స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేక్ దించి, బస్సును గేటు వైపు తిప్పాను.